తెలివి వాడలో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర?

స్టార్టప్! ఎక్కడ చూసినా ఇప్పుడు ఇదే జపం. 2015లో హైదరాబాదులో టీ-హబ్ పెట్టిండ్రు. 2016 జనవరిలో కేంద్రం స్టార్టప్ ఇండియా అన్నది. 2022 జూన్‌లో రాయదుర్గంలో టీ-హబ్‌కు ఇంకా పెద్ద భవనం లేచింది. కొత్త ఆలోచన ఉన్నోళ్లు రండి, కులం అడగం, తెలివికే పట్టం అంటున్నరు. వినడానికి సొంపుగనే ఉంది.

తెలివికే పట్టమైతే, చచ్చిన గొడ్డు తోలును సున్నంతో, తంగేడు చెక్కతో లందలో ఊనబెట్టి చెప్పు చేసినోడు, డప్పు చేసినోడు, ఊరి పొలం తడిపే మోట బొక్కెన కుట్టినోడు ఈ దేశంలో మొదటి పారిశ్రామికవేత్త కావాలె గదా! ముతక బట్ట నేసి ఊరి ఒళ్లు కప్పిన మాలోడు మిల్లు యజమాని కావాలె గదా! ఎందుకు కాలేదు? పని మనది, ధర కట్టేది వాళ్లు. సరుకు మనది, అంగడి వాళ్లది. వెట్టికి లాభం ఎక్కడిది?

సరే, చదువు లేక అట్లయిందంటరా? కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివొచ్చిన అంబేద్కర్‌ను చూడండి. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ కాకముందు బొంబాయిలో ఆయన వాటాల మార్కెట్ మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టిండు. ఆయన అంటరానోడని తెలిసి ఖాతాదారులు రావడం మానేసిండ్రు. వ్యాపారం మూతబడ్డది. ఆయనకు తక్కువైంది తెలివా?

వాళ్ల పిల్లగాడు కంపెనీ పెడితే తాత పొలం తాకట్టుకు వస్తది. మామ కట్నం పెట్టుబడి అయితది. బావమరిది పూచీ పడ్తడు. మేనమామ మొదటి ఆర్డరు ఇస్తడు. రెండేళ్లు నష్టమొచ్చినా ఇంట్ల పొయ్యి ఆరదు. దీన్నే పట్నంలో ఎకోసిస్టమ్ అంటున్నరు. మన ఊళ్లె దాని పేరు కులం. మన బిడ్డ ఒక్కసారి ఓడిపోతే తల్లి కూలి పైసలు కూడా మునుగుతయి. అందుకే మనకు ఆ ఏర్పాటును సర్కారే కట్టాలె. ఇది దయ కాదు, బాకీ.

కట్టినమంటున్నరు. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా పెట్టిండ్రు. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలని అప్పుడు చెప్పిండ్రు. దేశంలో లక్షా పాతిక వేల శాఖలని సర్కారే లెక్క చెప్పింది. 2023 మార్చి నాటికి, అంటే ఏడేళ్లకు, ఎస్సీ ఖాతాలు 26,889, ఎస్టీ ఖాతాలు 8,960. రెండూ కలిపితే 35,849. శాఖకు ఒక్కరన్న మాట ఏ గంగలో కలిసింది?

"మీవాళ్లు దరఖాస్తు పెడితే గదా" అంటరు. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లగాడు మోటార్లు బాగుచేసే షెడ్డుకు అప్పు కోసం పోయిండు. అడిగిన మొదటి మాట "పూచీ ఎవరు?" రెండో మాట "మీది ఏ వాడ?" మూడో మాట అడగాల్సిన పని లేకపోయింది.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి: చిన్న పరిశ్రమకు 10 లక్షల దాకా అప్పుకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది. రెండు: ఎస్సీ, ఎస్టీల దరఖాస్తును బ్రాంచి స్థాయిలో తిరస్కరించొద్దు. పై అధికారే చేయాలె, కారణం స్పష్టంగా రాయాలె. మూడు: 2012 కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచే కొనాలె. అప్పుతో పాటు గిరాకీ కూడా మన హక్కే.

నోటిమాటకు తిరిగి రావద్దు. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వ బ్యాంకైతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: మా శాఖలో 2016 నుంచి ఎస్సీ, ఎస్టీలకు స్టాండప్ ఇండియా కింద ఎన్ని అప్పులిచ్చిండ్రు, ఎన్ని కాదన్నరు? 30 రోజుల్లో జవాబియ్యాలె. 2025 బడ్జెట్‌లో మొదటిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 2 కోట్ల దాకా అప్పులని మళ్లీ ప్రకటించిండ్రు. పాత లెక్క తేల్చకుండా కొత్త మాట నమ్ముదమా? ప్రతి సంఘం తన మండలంలోని శాఖల జాబితా రాయాలె. ఒక్కో శాఖ ముందు నిలబడి మన ఒక్కరు ఎవరని అడగాలె.