ధర పడినదంతా చౌక కాదు

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో, కడోదరా సమీపాన, జోల్వా అనే గ్రామం ఉన్నది. చెరకు తోటల నడుమ మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు వెలసిన ప్రాంతమది. తెలుగునాట ఈ ఊరి పేరు విన్నవారు కొద్దిమందే కావచ్చు; కాని గార్డెన్ వరేలీ చీరల పేరు వినని గృహిణులు 1980లలో అరుదు. ఆ చీరల సంస్థ గార్డెన్ సిల్క్ మిల్స్ తన పాలియెస్టర్ చిప్స్, నూలు తయారయ్యే కర్మాగారాన్ని నెలకొల్పినది ఈ జోల్వాలోనే. షేర్ల బజారు కుప్పకూలిన వేళ ఏ వాటాలు కొనడం మంచిదని ఆలోచించే ప్రతి చిన్న మదుపరి ఈ ఊరి కథ తెలుసుకోవడం అవసరం.

ఆ సంస్థకు పేరు ఉన్నది, సరుకు ఉన్నది, యంత్రాలు ఉన్నవి. కొరవడినదల్లా అప్పు తీర్చే శక్తి. బ్యాంకుల బాకీలు చెల్లించలేక 2020లో అది దివాలా చట్టం క్రింద పరిష్కార ప్రక్రియలోకి వెళ్ళింది. పాలియెస్టర్‌కు ముడిసరుకైన పి.టి.ఎ.ను హల్దియాలో ఉత్పత్తి చేసే ఎం.సి.పి.ఐ. సంస్థ దానిని స్వీకరించే ప్రణాళికకు 2021 ఆరంభంలో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదం తెలిపింది. కర్మాగారం నిలిచింది. పాత వాటాదారుల షేర్లు మాత్రం రద్దయిపోయి, ఆ పేరు ఎక్స్ఛేంజి జాబితానుంచి తొలగిపోయింది.

అదే కాలంలో మార్కెట్ నడక ఎలా ఉన్నదో చూడాలి. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 13 శాతం పడి 26,000 దిగువన ముగిసింది. ఆ సంవత్సరం చివరికి 47,000 దాటింది. ‘మార్కెట్ ఎప్పటికైనా కోలుకుంటుంది’ అని పెద్దలు చెప్పే మాట ఆ ఏడు నిజమైంది. కాని ఆ మాట నమ్మి జోల్వా షేరు పట్టుకుని కూర్చున్నవారికి ఏమీ మిగలలేదు. కోలుకున్నది మార్కెట్, అందులోని ప్రతి షేరూ కాదు. చిన్న మదుపరుల ప్రశ్నలన్నిటికీ సమాధానం వెదకవలసినది ఈ తేడాలోనే.

బజారు పడినప్పుడల్లా వినిపించే మొదటి ప్రశ్న: ‘సగానికి సగం పడింది, ఇక ఎంత పడుతుంది?’ లెక్క చూస్తే సంగతి బోధపడుతుంది. 100 రూపాయల షేరు 80 శాతం పడితే 20కి వస్తుంది. అక్కడ చౌక అని కొన్నవాడి సొమ్ము మళ్ళీ సగమైతే ధర 10కి చేరుతుంది. లోకం దృష్టిలో అది 90 శాతం పతనం. 20కి కొన్నవాడికి అది సగం ఆస్తి నష్టం. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ ఉదంతం తెలుగువారెవరూ మరువలేదు. ఖాతాలలోని మోసాన్ని ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖలో ఒప్పుకున్న 2009 జనవరి 7న, సుమారు 180 రూపాయల షేరు 40 రూపాయల వద్ద ముగిసింది. నిన్నటి ధర నేటి విలువకు సాక్ష్యం కాజాలదు.

రెండవ ప్రశ్న: ‘నష్టంలో ఉన్న షేరునే మరికొన్ని కొని సగటు ధర తగ్గించుకోవచ్చునా?’ 100 రూపాయల చొప్పున 100 షేర్లు కొన్నవాడు, 60కి పడినపుడు మరో 100 కొంటే సగటు 80 అవుతుంది. కాగితం మీద ఊరట కలుగుతుంది. కాని ఒకే సంస్థపై పెట్టిన సొమ్ము 10,000 నుంచి 16,000కు పెరిగినదన్న సంగతి మరుగున పడుతుంది. ఇటువంటి వేళ మదుపరి తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ‘ఈ షేరు నా వద్ద అసలు లేకపోతే, ఈ రోజు ఈ ధరకు కొత్తగా కొంటానా?’ కొనను అన్న జవాబు వస్తే, సగటు కోసం కొనడం పాత పొరపాటుకు కొత్త సొమ్ము ధారపోయడమే.

మూడవ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది: ‘గట్టి సంస్థను గుర్తించడమెట్లు?’ అనుభవం గల నేతకాడు గుడ్డ మెరుపు చూసి మోసపోడు. తిరగేసి పడుగు, పేక చూస్తాడు. సంస్థ వార్షిక నివేదికను కూడా అలాగే తిరగేయాలి.

మొదట చూడవలసినది వడ్డీ. వడ్డీ కట్టకముందు వచ్చే లాభం, కట్టవలసిన వడ్డీకి ఎన్ని రెట్లు ఉన్నది? ఇద్దరు మగ్గాల యజమానులను ఊహించుకోవచ్చు. ఇద్దరికీ వడ్డీకి ముందు ఆదాయం ఏటా 3 లక్షలే. మొదటివాని వడ్డీ 1 లక్ష. ఆదాయం సగానికి తగ్గినా అతడు నిలుస్తాడు. రెండవవాని వడ్డీ రెండున్నర లక్షలు. ఆదాయం అయిదవ వంతు తగ్గగానే వడ్డీకే చాలదు. మంచిరోజులలో ఇద్దరి షెడ్లూ ఒకేలా కనిపిస్తాయి. మాంద్యంలోనే అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడెవరో తెలుస్తుంది.

రెండవది చేతికందిన డబ్బు. సరుకు అరువిచ్చి, పద్దులో లాభం వ్రాసుకోవచ్చు. ఆ బాకీ వసూలు కానంతవరకు అది అక్షరాల లాభమే. అరువు మీద నడిచే సూరత్ బట్టల బజారుకు ఈ సంగతి కొత్త కాదు. నగదు ప్రవాహ పట్టికలో వ్యాపారం నుంచి నిజంగా ఎంత వచ్చినదో ఉంటుంది. నికరలాభం ఏటా పెరుగుతూ, నగదు ఏటా తగ్గుతూ ఉంటే జాగ్రత్త పడవలసినదే.

మూడవది యజమానుల నడవడి. ప్రమోటర్లు తమ వాటాలను ఎంతమేరకు కుదువ పెట్టారో ప్రతి మూడు నెలలకు ఎక్స్ఛేంజికి తెలుపుతారు, ఎవరైనా చూడవచ్చు. ధర పడినప్పుడు ఋణదాతలు కుదువ షేర్లను అమ్మివేయగలరు. ఆ అమ్మకంతో ధర ఇంకా పడుతుంది. ఆడిటరు నివేదికలో సంస్థ మనుగడపై సందేహం తెలిపే వాక్యం ఉంటే, దానిని దాటి ముందుకు పోరాదు.

నాల్గవ ప్రశ్న: ‘అడుగంటినదని తెలిసేదెట్లు?’ ముందుగా తెలిసే మార్గం లేదు. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ ఆ అక్టోబరుకు 8,000 దిగువకు జారింది. మళ్ళీ 21,000 చూసినది 2010 నవంబరులో. జపాను నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా, అంటే 34 ఏళ్ళు పట్టింది. అందుచేత ఉన్న సొమ్మంతా ఒక్క రోజున పెట్టక విడతలుగా పెట్టడం వివేకం. నివేదికలు చదివే తీరిక లేనివారికి, సూచీలోని షేర్లన్నిటినీ అదే పాళ్ళలో కొనే ఇండెక్స్ ఫండ్ ఉన్నది. దాని విలువ కూడా పడుతుంది. కాని ఒక్క సంస్థ మునిగినంత మాత్రాన మదుపంతా మునగదు.

అయిదవ ప్రశ్నను చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు: ‘అప్పు తెచ్చో, ఆప్షన్లు ఆడో పోయినది రాబట్టుకోవచ్చునా?’ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో వర్తకం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. వారందరూ కలిసి పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఇంతకన్న సమాధానం అక్కరలేదు.

ఇక ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా సూరత్ మగ్గాల మీద బ్రతుకుతున్నవి. తనకు బాగా తెలిసిన వ్యాపారం కనుక, బట్టల మిల్లు షేరే కొనాలని అటువంటి కుటుంబంలోని యువకుడికి అనిపించడం సహజం. కాని అతని కూలి ఆ పరిశ్రమలో ఉన్నది. మిగులు కూడా అందులోనే ఉంచితే రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగినవి. షేర్ల ధరలు నేలకు దిగినదీ ఆ నెలలోనే. ఇంటి అద్దెకు, బియ్యానికి షేర్లు అమ్మవలసి వచ్చినవారు అతి తక్కువ ధరకు అమ్ముకున్నారు. ఆరు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో ఉంచుకున్నవారికి వేచి ఉండే అవకాశం దక్కింది.

కనుక మార్కెట్ పడిన రోజున మొదట లెక్కించవలసినది షేర్ల జాబితా కాదు, ఇంట్లోని నిలవ డబ్బు. అది సరిపడా ఉన్నవాడు మాత్రమే తొందర లేకుండా నివేదికలు తిరగేయగలడు, నచ్చకపోతే కొనకుండా ఊరుకోగలడు. జోల్వా కర్మాగారం చేతులు మారి నిలిచింది. చిన్న మదుపరి పోగుచేసిన సొమ్మును నిలబెట్టడానికి మాత్రం మరొక యజమాని రాడు.