తలనొప్పి బిళ్లే తలనొప్పి తెస్తే?

ఈ వారం ఉత్తరాల కట్టలో ఖిలా వరంగల్ నుంచి వచ్చిన ఉత్తరం నన్ను కాసేపు ఆలోచనలో పడేసింది. రాసిన కుర్రాడికి ఇరవై రెండేళ్లు. మట్టికోట లోపల, కీర్తి తోరణాలకు కూతవేటు దూరంలో ఇల్లు. కొత్త సినిమా పడితే మొదటిరోజే చూడకపోతే నిద్రపట్టదట. చూశాక తలనొప్పితో నిద్రపట్టదట!

"బిళ్ల వేసుకుంటే అరగంటలో హాయిగా ఉంటోంది డాక్టరుగారూ. మొదట్లో వారానికొకటి, ఇప్పుడు రోజూ రెండు. అయినా పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉంటోంది. మా బావ దుబాయి నుంచి తెచ్చినవి కూడా వాడుతున్నా. వీటికి మించినవి ఏమైనా ఉన్నాయా?" అని ప్రశ్న.

ఉన్నాయి తమ్ముడూ. కానీ నేను చెప్పను. ముందు నువ్వు మింగుతున్నదేమిటో చూద్దాం.

బావ తెచ్చిన ఎర్ర పెట్టె మీద పనడాల్ ఎక్స్‌ట్రా అని ఉందన్నావు. అందులో ఒక్కో బిళ్లకి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, కెఫీన్ 65. నువ్వు మామూలుగా వేసుకునే సారిడాన్‌లో పారాసిటమాల్ 250, కెఫీన్ 50, వీటికి తోడు ప్రొపిఫెనజోన్ అనే మరో మందు 150. ఈ మూడోది పడనివాళ్లకి దద్దుర్లు, ఆయాసం రావచ్చు. "దాన్ని బ్యాన్ చేశారట గదా?" అనీ అడిగావు. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 328 మిశ్రమ మందుల్ని నిషేధించినప్పుడు ఆ జాబితాలో అదీ ఉంది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు అమ్మకానికి అనుమతిచ్చింది, 2019 ఫిబ్రవరిలో జాబితా నుంచి మినహాయించింది. అమ్ముతున్నారు కదా అని రోజూ తినమని కాదు సుమా!

పారాసిటమాల్ హీరో అనుకుంటే కెఫీన్ పక్కనుండే కమెడియన్. అదే, మన టీ కాఫీల్లో ఉండే సరుకే. కథకి కాస్త ఊపు తెస్తుంది. ఎంత ఊపు? 2014లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, నొప్పి మందుకి 100 మిల్లీగ్రాములో అంతకు మించో కెఫీన్ కలిపితే, మంచి ఉపశమనం దొరికేవాళ్లు నూటికి అయిదు నుంచి పది మంది పెరుగుతారు. అంతే!

కానీ ఈ కమెడియన్‌తో ఓ తంటా ఉంది. రోజూ వచ్చేవాడు ఒకరోజు రాకపోతే ఇల్లంతా గోల. కెఫీన్ అలవాటైన ఒంటికి అది అందకపోతే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. రాత్రి బిళ్ల, పొద్దున దిమ్ము... అర్థమైందా? దానికి మళ్లీ బిళ్ల. ఇలాంటి కలిపిన బిళ్లలు నెలకి పది రోజులో అంతకంటే ఎక్కువో, మూడు నెలలకు మించి వాడితే మందే తలనొప్పికి కారణం కావచ్చు. ఉత్త పారాసిటమాల్‌కైతే ఆ లెక్క నెలకి పదిహేను రోజులు. నువ్వు ముప్పై రోజులూ వేస్తున్నావు!

ఈ జబ్బు కొత్తది కాదు. స్వీడన్‌లో హుస్క్‌వార్నా అనే ఊళ్లో, 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో ఫ్యాక్టరీ కార్మికులు ఓ పొడికి అలవాటుపడ్డారు. ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపిన పొడి. జ్వరాలు పోయాయి, పొడి పోలేదు. పని చురుగ్గా సాగుతుందని ఏళ్ల తరబడి తిన్నారు. చివరికి మూత్రపిండాలు పాడై ఎందరో పోయారు. మీ తాతగారిని అడుగు, ఏ.పి.సి. బిళ్ల గుర్తుందేమో. అందులో 'పి' ఆ ఫెనాసెటినే. మన దేశంలో దాన్ని 1983లో నిషేధించారు. ఒంట్లోకి వెళ్లాక అదెలా మారేదో తెలుసా? పారాసిటమాల్‌గా! మనవడు తాతంత చెడ్డవాడు కాడు లెండి, కానీ కెఫీన్‌తో స్నేహం మాత్రం వంశపారంపర్యం.

ఇక ఉత్తరం చివర మామూలుగా రాసేసిన ముక్క ఒకటుంది. అదే నన్ను భయపెట్టింది. పోయిన నెల జ్వరమొస్తే ఒకే రోజున ఎర్రపెట్టె బిళ్లలు రెండేసి చొప్పున మూడుసార్లు, డోలో 650 మూడు, జలుబు బిళ్లలు రెండు. లెక్క కట్టు. 3000, 1950, జలుబు బిళ్లల్లో 500 చొప్పున 1000. మొత్తం 5950! ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి హద్దు 4000 మిల్లీగ్రాములు. యాభై కిలోలు లేనివాళ్లకి, రోజూ మందు కొట్టేవాళ్లకి, లివరు జబ్బున్నవాళ్లకి ఇంకా తక్కువ. నీకు మూడూ వేర్వేరు మందులు. నీ లివరుకి మూడూ ఒకటే.

మన సినిమాల్లో హీరో గడ్డం అంటించుకొస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు చూడండి, అలా ఈ పారాసిటమాల్ అమెరికా నుంచి వచ్చే సీసాల మీద ఎసిటమినోఫెన్ అని మారుపేరుతో ఉంటుంది. అందుకే బ్రాండు పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవాలి.

మోతాదు మించితే మొదటి రోజు ఏమీ తెలియదు. మహా అయితే వికారం. రెండోరోజో మూడోరోజో కుడిపక్క డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడటం. దీనికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్, ఎనిమిది గంటల్లోపు మొదలెడితే బాగా పనిచేస్తుంది. కాబట్టి బాగానే ఉన్నాగా అని ఊరుకోకుండా, ఖాళీ షీట్లతో సహా వెంటనే ఎం.జి.ఎం. ఆస్పత్రి కెళ్లాలి.

ఎప్పుడో ఒకసారి వేసుకుంటే పేచీ లేదు. ఎర్రపెట్టెదైతే ఒకటో రెండో, మళ్లీ వేయడానికి కనీసం నాలుగు గంటల ఎడం, రోజుకి ఎనిమిది మించకూడదు. ఆ ఎనిమిదిలోనే కెఫీన్ 520 అవుతుంది, టీలు కాఫీలు అదనం. పెద్దవాళ్లకి రోజుకి 400 చాలు. గర్భిణులకీ, పన్నెండేళ్లలోపు పిల్లలకీ ఈ కలిపిన బిళ్ల వద్దు.

నీ సంగతికొస్తే, డాక్టరుకి చూపించుకుని ఈ బిళ్ల మానేయాలి. మొదటి వారం తల పగిలినట్టుంటుంది, ముందే చెబుతున్నా. తర్వాత తేలికపడుతుంది. కళ్లద్దాల పరీక్ష చేయించుకో. సెకండ్ షోకి కడుపు మాడ్చుకుని వెళ్లకు, నీళ్లు తాగు. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చెయ్యో కాలో లాగేసినా బిళ్లల జోలికి పోకుండా ఆస్పత్రికి పరుగెత్తు.

గోడ మీది క్యాలెండర్లో బిళ్ల వేసుకున్న ప్రతి తేదీకీ సున్నా చుట్టు. వచ్చే నెల మళ్లీ ఉత్తరం రాయి. సినిమా ఎలా ఉందో తర్వాత, ముందు సున్నాలెన్నో రాయి.