తనిఖీ ఆయా మీదా? యజమాని మీదా?

పిల్లల సంరక్షణ కేంద్రాల తనిఖీ అనగానే మనకు కనిపించే దృశ్యం ఒక్కటే. జీపు ఆగుతుంది. సూపర్‌వైజరో, సి.డి.పి.ఓ.నో దిగుతారు. అంగన్‌వాడీ టీచరు రిజిస్టర్లు పట్టుకుని నిలబడుతుంది. గుడ్లు లెక్కపెడతారు. హాజరుపట్టీలో ఉన్న పేర్లకీ, చాప మీద కూర్చున్న పిల్లలకీ తేడా ఎంతో చూస్తారు. తేడా వస్తే మెమో. అదే గదిలో పిల్లల చేతికందే చోట ఉన్న గ్యాస్ బండ గురించి, గుమ్మం ముందున్న మూతలేని సంపు గురించి ఆ మెమోలో ఒక్క ముక్క ఉండదు. ఒకవేళ ఉన్నా అది టీచరు నిర్లక్ష్యంగానే ఉంటుంది. సంపుకి మూత కొనడానికి డబ్బు ఎవరివ్వాలి, అడిగితే ఎందుకివ్వలేదు అన్న ప్రశ్న ఏ రిజిస్టరులోనూ కనబడదు.

మన చట్టాల్లో పిల్లల గది తనిఖీ అంగన్‌వాడీతో మొదలు కాలేదు. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. పుట్టడానికి చాలా ముందే, 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను స్త్రీ కార్మికులున్న చోట వాళ్ల ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలన్నది. మొదట యాభైమందికి మించి స్త్రీలున్న ఫ్యాక్టరీలకే ఈ నిబంధన. 1976 సవరణ తర్వాత ముప్ఫైమందికి మించితే చాలు. గదిలో చాలినంత చోటు, గాలి, వెలుతురు, శుభ్రత ఉండాలి. పిల్లల్ని చూడడంలో శిక్షణ పొందిన స్త్రీ ఉండాలి. బట్టలు ఉతికి మార్చే వసతి, ఉచితంగా పాలు లేదా ఫలహారం, తల్లి మధ్యమధ్యలో వచ్చి పాలిచ్చే వీలు, వీటికోసం రాష్ట్రాలు నియమాలు చెయ్యవచ్చన్నారు. ఇవి ఉన్నాయో లేవో చూడవలసింది ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు. జవాబు చెప్పవలసింది యజమాని.

ఈ చట్టాన్ని ఎలా తప్పించుకున్నారో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. పట్టీలో ఇరవై తొమ్మిదిమంది స్త్రీలు, మిగతావాళ్లు కాంట్రాక్టరు మనుషులు. లేదా గది ఉంటుంది, గోడకి బొమ్మలుంటాయి, తాళం కూడా ఉంటుంది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున అట్టపెట్టెలు బయటికి, ఉయ్యాల లోపలికి. బీడీ పరిశ్రమ ఇంకా తెలివైన దారి పట్టింది. 1966 బీడీ కార్మికుల చట్టం క్రెష్ పెట్టమన్నది కార్ఖానాలో. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో బీడీలు చుట్టే స్త్రీలు పనిచేసేది తమ ఇంటి అరుగుల మీద. ఒడిలో చేట, పక్కన పసిబిడ్డ, ఇద్దరి ముక్కుల్లోకీ పొగాకు దుమ్ము. అక్కడ కార్ఖానా లేదు కాబట్టి పిల్లల గది లేదు, గది లేదు కాబట్టి తనిఖీ లేదు!

2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన లేబరు కోడ్‌లు ఈ లెక్కని మార్చాయి. ఇప్పుడు లెక్క స్త్రీలది కాదు, మొత్తం కార్మికులది. సంఖ్య యాభై. పిల్లలు తల్లికి మాత్రమే చెందినవాళ్లన్న భావన నుంచి చట్టం ఒక అడుగు బయటికి వేసింది, ఆ మేరకు మంచిదే. కానీ ముప్ఫై అయిదుగురు స్త్రీలు, పదిమంది మగవాళ్లు ఉన్న చిన్న ఫ్యాక్టరీ సంగతేమిటి? నిన్నటిదాకా ఉన్న హక్కు ఈ రోజు లేదు. పైగా సొంత గది పెట్టక్కర్లేదు, ప్రభుత్వం దగ్గరో, మునిసిపాలిటీ దగ్గరో, స్వచ్ఛంద సంస్థ దగ్గరో ఉన్న ఉమ్మడి క్రెష్‌ని వాడుకోవచ్చట. అక్కడ బిడ్డ జారిపడితే ఇన్‌స్పెక్టరు ఎవరి తలుపు తట్టాలి?

ఆ ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారింది. ఇప్పుడాయన ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్, అంటే యజమానికి సలహాదారు కూడా. ఏ ఫ్యాక్టరీకి ఎవరు వెళ్లాలో కంప్యూటరు చీటీ తీసే పద్ధతి కేంద్రంలో 2014 నుంచే ఉంది. అవినీతిని ఆపడానికి అన్నారు. లంచగొండి ఇన్‌స్పెక్టర్ల మీద మనకేమీ ప్రేమ లేదు. కానీ పిల్లల గదిలో పైకప్పు పెచ్చులూడుతోందని చెప్పిన తల్లి మాట ఆ లాటరీలో ఎక్కడ ఇమిడింది?

ఇక్కడ మన కార్యకర్తలు గట్టిగా పట్టుకోవలసిన పత్రం ఒకటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో చేసిన 81వ ఒడంబడిక. భారతదేశం దాన్ని 1949లోనే ఆమోదించింది. 12వ అధికరణం ప్రకారం ఇన్‌స్పెక్టరు ముందుగా చెప్పకుండా పగలైనా రాత్రైనా తనిఖీకి లోబడిన పనిస్థలంలోకి వెళ్లవచ్చు. 15వ అధికరణం ప్రకారం ఫిర్యాదు ఎవరు చేశారో రహస్యంగా ఉంచాలి, ఫిర్యాదు వచ్చింది కాబట్టే వచ్చానన్న సంగతి కూడా యజమానికి చెప్పకూడదు. 16వ అధికరణం, అవసరమైనన్ని సార్లు, అవసరమైనంత క్షుణ్ణంగా చూడాలంటుంది. చెప్పకుండా రావడం, పేరు బయటపెట్టకపోవడం లేకపోతే ఏ కార్మికురాలు నోరు విప్పుతుంది? ఉన్న పనీ పోతుంది, బిడ్డకున్న ఆ నాలుగు గోడలూ పోతాయి.

యజమాని దగ్గర ఇంత మెత్తబడిన రాజ్యం అంగన్‌వాడీ టీచరు దగ్గర ఎంత కరకుగా ఉందో చూడండి. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే రేషనుకి లబ్ధిదారుల ముఖాన్ని ఫోనులో గుర్తించడం తప్పనిసరి అయింది. సిగ్నలు అందక బాలింతని ఎండలో నిలబెట్టినా నింద టీచరుదే. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగితే ప్రభుత్వం కేంద్రాల తాళాలు పగలగొట్టించింది, జనవరిలో ఎస్మా ప్రయోగించింది. నలభై రెండు రోజుల సమ్మె అది. జీతం అడిగితే గౌరవ సేవకురాలు, సమ్మె చేస్తే అత్యవసర ఉద్యోగి!

ఈ వేధింపు చూసి మన స్నేహితుల్లో కొందరు అసలు తనిఖీలే వద్దంటున్నారు. ఆ మాట ఒప్పుకోలేం. అక్కడ ఉన్నవాళ్లు మాట రాని పిల్లలు. చెవి నొప్పి అని కూడా చెప్పలేనివాళ్లు. చూడవలసింది చూడమనే మన డిమాండ్. వేలాడే కరెంటు తీగ. ఫినాయిలు సీసా ఎక్కడ పెట్టారు. వంట, నిద్ర ఒకే గదిలోనా. నిప్పంటుకుంటే బయటపడడానికి రెండో దారి ఉందా. చేతులు కడిగే నీళ్లు మండువేసవిలో కూడా వస్తాయా. పాకే పిల్లలు ఎంతమందికి ఒక మనిషి? ఆయా జ్వరమొచ్చి రాని రోజున టీచరు ఒక్కతే వంట చేస్తూ పాతికమందిని చూస్తుంటే అది ఆమె తప్పా? ఆయా పోస్టు ఖాళీగా ఉంచినవాడి తప్పా? వానాకాలం వెనక మురుక్కాలవ గదిలోకి పొంగితే పంచాయతీని అడిగారా? అద్దె బకాయి పడి ఇంటివాళ్లు మరమ్మతు చెయ్యనంటే ఎవరికి నోటీసు వెళ్లింది? తనిఖీ రిపోర్టులో లోపం పక్కనే దాన్ని సరిచేయవలసిన అధికారి పేరు, గడువు, మంజూరైన డబ్బు రాయకపోతే ఆ కాగితం ఆడవాళ్లని బెదిరించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

స్వచ్ఛంద సంస్థలు నడిపే బాలవాడీల్ని కూడా ఈ కొలతతోనే కొలవాలి. దాతలొచ్చే రోజున కొత్త చాపలు పరిచే అలవాటు యజమానులకే పరిమితం కాదు. పట్నాల్లో ఇంటి మేడల మీద నడిచే ప్రైవేటు క్రెష్‌ల సంగతి సరేసరి. బోర్డుకీ, ఫీజు రసీదుకీ ఉన్న శ్రద్ధ మెట్ల దగ్గర గేటుకి ఉండదు.

రిపోర్టుని బయటికి లాగే పద్ధతి మనకు తెలియంది కాదు. 2005 ఉపాధి హామీ చట్టం కింద మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్లు ఊరి నడుమ చదివారు, కూలీలు లేచి ఆ రోజు నేను పనికి రాలేదని చెప్పారు. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్లని చూడడానికి ఒక స్త్రీని పెట్టి కూలి ఇవ్వాలని అదే చట్టం చెప్పింది. పిల్లల గది రిపోర్టుని కూడా అలాగే తల్లుల ముందు చదవాలి. ఒక కాపీ తలుపు మీద అంటించాలి. తనిఖీ బృందంలో తల్లి ఉండాలి, ఆయా చెప్పిన మాట ఆమె మాటల్లోనే రాయాలి. ఈ మూడు నెలల్లో మీ మండలంలో ఒక ఫ్యాక్టరీనీ, ఒక అంగన్‌వాడీనీ ఎంచుకోండి. చివరి తనిఖీ ఏ తేదీన జరిగింది, ఏం రాశారు, ఏం సరిచేశారు అని సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి. యజమాని గదికి వచ్చిన జవాబునీ, టీచరు గదికి వచ్చిన జవాబునీ పక్కపక్కన పెట్టి సంఘం మీటింగులో చదవండి.