ముహూర్తానికి ముందు వయస్సు చూడాలి

షోడశ సంస్కారాలలో వివాహానికి ఒక ప్రత్యేకత ఉన్నది. నామకరణం, అన్నప్రాశనం వంటివి ఊహ తెలియని శిశువుకు పెద్దలు జరిపించేవి. వివాహం మాత్రం వధూవరులు తామే కర్తలై, అగ్నిసాక్షిగా అంగీకరించి చేసుకునేది. ధర్మార్థకామాలలో ఆమెను అతిక్రమించనని వరుడు ప్రమాణం చేస్తాడు. సప్తపదిలో ఏడవ అడుగుతో వధువు అతనికి సఖి అవుతుంది. ఋగ్వేదంలోని వివాహసూక్తం అత్తవారింట ఆమెను సామ్రాజ్ఞిగా ఉండమని దీవిస్తుంది. పదో తరగతి పుస్తకాలు మూసి పీటల మీద కూర్చున్న పదిహేనేళ్ల పిల్లకు ఈ మాటలలో ఏది అర్థమవుతుంది? సఖ్యానికి మనఃపరిణతి కావాలి. ఇల్లు ఏలడానికి వివేకం కావాలి. అవి రాని వయస్సులో జరిపించిన తంతు వివాహం అనిపించుకోదు.

ఇది గతించిన కాలపు ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్ధెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అందులో మన ఇళ్లలో జరిగిన ప్రతి పెళ్లికీ ఎవరో ఒకరు ముహూర్తం పెట్టే ఉంటారు. మంగళసూత్రధారణ వేళ ఎవరో ఒకరు మంత్రం చెప్పే ఉంటారు.

కన్యకు ఎనిమిదో ఏటనే వివాహం చేయాలని శాస్త్రం చెప్పలేదా అని కొందరు పెద్దలు అడుగుతారు. పరాశర స్మృతిలో అటువంటి వచనాలు ఉన్న మాట నిజమే. కాని యుగాన్నిబట్టి ధర్మాలు మారుతాయని ఆరంభంలోనే చెప్పినదీ ఆ స్మృతే. ఒక మాట పట్టుకొని మరొకటి విడిచిపెట్టడం శాస్త్రాన్ని గౌరవించడం కాదు. రజస్వల అయినా సరే, గుణహీనుని చేతిలో పెట్టడం కంటె కన్య జీవితాంతం పుట్టింట ఉండడమే మేలని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం చెబుతున్నది. కన్య బ్రహ్మచర్యం చేత యువకుడైన పతిని పొందుతుందని అథర్వవేదంలోని బ్రహ్మచర్య సూక్తం చెబుతున్నది. బ్రహ్మచర్యమంటే విద్యాకాలమే కదా!

ఆయుర్వేదం ఇంకా స్పష్టంగా హెచ్చరించింది. పదహారేళ్లు నిండని స్త్రీ, ఇరవై అయిదేళ్లు నిండని పురుషుని వలన గర్భం ధరిస్తే ఆ గర్భం నిలవదని, బిడ్డ పుట్టినా చిరకాలం జీవించదని, జీవించినా దుర్బలేంద్రియాలతో ఉంటుందని సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఉన్నది. నేటి వైద్యులూ అదే దారిలో చెబుతున్నారు. ఇంకా ఎదగని దేహంతో తల్లి కాబోయే పిల్లకు రక్తహీనత, గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు వంటి ప్రమాదాలు ఎక్కువ. ఒక్క తొందరపాటు ఇద్దరి ప్రాణాల మీదికి తెస్తుంది.

తల్లిదండ్రులు కఠినాత్ములై ఈ పని చేయరు. ఇంటర్ చదవాలంటే పొరుగూరు వెళ్లాలనే భయం, కట్నం పెరిగిపోతుందనే దిగులు, మేనరికం చేయి దాటిపోతుందనే ఆత్రం వారిని తొందర పెడతాయి. “మా అమ్మ కళ్లు మూయకముందే మనుమరాలి పెళ్లి చూడాలంటున్నది, ఎలాగైనా ముహూర్తం చూడండి పంతులుగారూ” అని ఒక తండ్రి నన్ను ప్రాధేయపడ్డాడు. “అమ్మగారి ఆయుష్షు కోసం మృత్యుంజయ జపం చేస్తాను నాయనా. పిల్ల వయస్సును మాత్రం ఏ మంత్రంతోనూ పెంచలేను” అన్నాను. పిల్లకు రక్షణ కోసమే పెళ్లి అనేవారు ఒకటి ఆలోచించాలి. చదువు ఆగి, చేతిలో విద్య లేక, తన కష్టం నోరు విప్పి చెప్పుకోలేని వయస్సులో పరాయి ఇంటికి వెళ్లిన పిల్లకు ఏ రక్షణ కలిగినట్టు?

2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం వధువుకు 18, వరునికి 21 ఏళ్లు నిండాలి. అటువంటి పెళ్లి జరిపించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అది బాల్య వివాహం కాదని నమ్మడానికి తమకు కారణం ఉన్నదని రుజువు చేసుకుంటేనే వారికి మినహాయింపు. అక్షయ తృతీయ వంటి దినాలలో సామూహికంగా జరిగే బాల్య వివాహాలను ఆపే బాధ్యతను ఆ చట్టం జిల్లా మేజిస్ట్రేటుకు అప్పగించింది. పుణ్యతిథి పేరు ఇందుకోసం చట్టంలోకి ఎక్కడం మనకు గౌరవం కాదు.

తోటి పురోహితులకు నా మనవి ఇదే. తారాబలం చూడడానికి జాతకచక్రం మన చేతిలోనే ఉంటుంది. దాని మీద పుట్టిన తేదీ ఉంటుంది. వధువు వయస్సు తెలియదని మనం ఎలా అనగలం? జాతకం లేక నామనక్షత్రంతో ముహూర్తం అడిగినప్పుడు జనన ధ్రువపత్రమో, పదో తరగతి ధ్రువపత్రమో చూసిన తరువాతనే లగ్నపత్రిక వ్రాయాలి. దేవాలయ కల్యాణమండపం ఇచ్చేముందు ధర్మకర్తలూ ఇదే నియమం పాటించాలి. మనం కాదన్నంత మాత్రాన పెళ్లి ఆగకపోవచ్చు. మరొకరి దగ్గరకు వెళ్తారు. అందుకే ఊరి పురోహితులందరూ ఒక్క మాట మీద ఉండాలి. నచ్చచెప్పినా వినకపోతే 1098కు ఫోను చేసి చెప్పడం పాపం కాదు, శిశురక్షణ.

కాదనడంతోనే మన ధర్మం తీరదు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో పేద పిల్లలకు వసతితో కూడిన చదువు ఉన్నదని ఆ తల్లిదండ్రులకు చెప్పాలి. తెలంగాణలో 2014లో ప్రారంభమైన కల్యాణలక్ష్మి సహాయానికి వధువుకు 18 నిండాలన్న నియమం ఉన్నదని గుర్తు చేయాలి. ఏటా కల్యాణోత్సవాలు జరిపించే భక్త సమాజాలు ఊరిలో ఒక్క పిల్ల చదువు ఖర్చు భరించినా, ఆ ఇంట తొందరపడి పెళ్లి చేయవలసిన అవసరం తప్పుతుంది. కన్యాదాన ఫలం కోరేవారు ముందు ఆ కన్యకు విద్యాదానం చేయాలి.

దీర్ఘసుమంగళీ భవ అని అక్షతలు వేస్తాము. ఆ దీవెన ఫలించాలంటే ముందు ఆ పిల్లను పెరగనివ్వాలి.