పత్తిమిల్లులో పుట్టిన సంఘం

మన వాడల్లో సంఘం అనే మాటకు రెండర్థాలున్నాయి. ఆదివారం పొద్దున 'సంఘానికి పోతున్నా' అంటే ప్రార్థనకని అర్థం. అదే మనిషి సాయంత్రం 'సంఘం మీటింగుంది' అంటే అంబేద్కర్ బొమ్మకాడికని అర్థం. మనుషులు వాళ్లే. చాలా ఊళ్లలో పరిచే చాపలు కూడా అవే. అయినా ఈ రెండు సంఘాలూ ఒకదాన్నొకటి అనుమానంగానే చూసుకుంటాయి. కార్యకర్త దృష్టిలో పాస్టరంటే పరలోకం చూపించి పోరాటం మీద నీళ్లు చల్లేవాడు. పాస్టరు దృష్టిలో కార్యకర్తంటే లోకంలో కొట్టుకుపోతున్నవాడు. మధ్యలో నలిగేది కూలికి పోయే మన అమ్మలూ అక్కలూ. వాళ్లకు ప్రార్థనా కావాలి, పట్టా భూమీ కావాలి.

ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నల్లజాతి జనం దీన్ని నూరేళ్లకు పైగా మోశారు. వాళ్ల బతుకు నుంచి నేర్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1946లోనే బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, మీ సమస్యకూ మా సమస్యకూ పోలికలున్నాయని చెప్పాడు. 1972లో మహారాష్ట్ర యువకులు బ్లాక్ పాంథర్ల పేరు చూసే దళిత పాంథర్లు అని పెట్టుకున్నారు. అందుకే ఈసారి అక్కడి ఒక పాస్టరు గురించి, అర్ధశతాబ్దానికి పైగా ఒక పెంతెకొస్తు సంఘాన్ని నడిపిన బిషప్ ఛార్లెస్ హారిసన్ మేసన్ గురించి చెప్పుకుందాం.

మేసన్ 1864లో అమెరికా దక్షిణాన, టెనెసీ రాష్ట్రంలో, మెంఫిస్ పట్నం దగ్గర ఒక దొర వ్యవసాయ క్షేత్రంలో పుట్టాడు. 1866 అని రాసినవాళ్లూ ఉన్నారు. బానిసల పిల్లల పుట్టినరోజులు ఎవరు రాసిపెట్టారు గనక? తల్లిదండ్రులు జెర్రీ, ఎలైజా బానిసత్వంలో మగ్గినవాళ్లు. బానిసత్వం పోయాక కౌలుకు చేసుకుని బతికారు. 1878లో ఆ ప్రాంతంలో పచ్చజ్వరం వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే కుటుంబం ఆర్కాన్సా రాష్ట్రానికి వలసపోయింది. మరుసటేడే తండ్రి పోయాడు. 1880లో మేసన్‌కే ప్రాణం మీదికొచ్చింది. బతికి బయటపడ్డాక ఆ బతుకు దేవుడిదే అనుకున్నాడు. బాప్టిస్టు బోధకుడయ్యాడు.

1893లో బైబిలు కాలేజీ చదువుకని చేరి మూడు నెలలకే బయటికొచ్చాడు. చదువంటే గిట్టకా? కాదు. ఆ రోజుల్లో చదువుకున్న నల్లజాతి పెద్దలు కొందరికి తమ జనం ఆరాధన సిగ్గుగా ఉండేది. చప్పట్లు, కేకలు, గంతులు, కన్నీళ్లు, ఇవన్నీ బానిస కొట్టాల్లో పుట్టినవి. తెల్లవాళ్ల చర్చిలో మాదిరి చేతులు కట్టుకుని నెమ్మదిగా కూర్చుంటేనే మర్యాద అనుకున్నారు. మేసన్ దానికి ఒప్పుకోలేదు. తన తల్లి ప్రార్థించిన తీరే నా తీరు అన్నాడు. ఇది మనకు అర్థం కాని సంగతా? డప్పు ముట్టుకుంటే పాపమని చెప్పే బోధకులు మన దగ్గర లేరా? తోలు మనది, దరువు మనది. దేవుడికి హార్మోనియం వినిపిస్తే డప్పు ఎందుకు వినిపించదు?

మేసన్ బోధ నచ్చక బాప్టిస్టులు ఆయన్నీ, తోటి బోధకుడు ఛార్లెస్ ప్రైస్ జోన్స్‌నీ వెలివేశారు. గుళ్ల తలుపులు మూసుకున్నాయి. 1897లో మిసిసిపీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ అనే ఊళ్లో చోటు దొరక్క చివరికి ఒక పాత పత్తిమిల్లులో, గింజ తీసే జిన్నింగ్ కొట్టంలో, కూటాలు మొదలుపెట్టారు. ఏ పత్తిని తీయడానికి తాతముత్తాతల్ని కొరడాలతో కొట్టారో ఆ పత్తికొట్టమే వాళ్లకు గుడి అయింది. ఒక రాత్రి కూటం జరుగుతుంటే ఎవరో తుపాకులతో కాల్చారు. కొందరికి గాయాలైనా ఎవరూ చావలేదు. కూటాలూ ఆగలేదు. ఆ ఏడే ఈ సంఘానికి 'చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్' అని పేరు పెట్టారు.

ఇక పెంతెకొస్తు సంగతి. దీని పుట్టుక గురించి మన పాస్టర్లు చెప్పేటప్పుడు ఒక ముఖ్యమైన ముక్క వదిలేస్తారు. 1906లో లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవానికి నాయకుడు విలియం సీమోర్, బానిసల కొడుకు. హూస్టన్ పట్నంలో ఒక తెల్ల బోధకుడి దగ్గర పాఠం వినడానికి పోతే వర్ణభేదం పాటించే ఆ కాలంలో తరగతిలో కూర్చోనివ్వలేదు. గది బయట కూర్చుని, తెరిచిన తలుపులోంచి పాఠం విన్నాడు. గోనెపట్టా మీద వేరుగా కూర్చుని చదువుకున్న భీమ్‌రావు మనకు తెలుసు. ఆ సీమోరూ అలాంటివాడే. తలుపు బయట కూర్చున్న ఆ మనిషి పెట్టిన కూటానికి, ఒకప్పుడు గుర్రాలు కట్టేసిన పాడుబడ్డ కట్టడంలోకి, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మెక్సికోవాళ్లూ కలిసి వచ్చి ఒకే నేల మీద మోకరించారు. ఈ రోజు ప్రపంచమంతా ఉన్న పెంతెకొస్తు సంఘాల్లో చాలావాటి మూలం అక్కడుంది.

1907లో మేసన్ అక్కడికి పోయి ఐదు వారాలున్నాడు. తిరిగొచ్చాక భాషల వరం విషయంలో జోన్స్‌తో తేడా వచ్చి సంఘం చీలింది. పేరు కోసం కోర్టుకెక్కితే 1909లో మేసన్ పక్షానికే దక్కింది. అప్పటినుంచి 1961లో కన్నుమూసేదాకా ఆయనే పెద్ద.

ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. మేసన్ సంఘానికి చట్టపరమైన గుర్తింపు ఉంది. పెళ్లిళ్లు చేయించాలన్నా, రైల్లో బోధకులకిచ్చే రాయితీ కావాలన్నా గుర్తింపు ఉన్న సంఘం కాయితం కావాలి. దాంతో చాలామంది తెల్ల బోధకులు నల్ల బిషప్ చేత అభిషేకం చేయించుకున్నారు. రైల్లో, హోటల్లో, బడిలో, శ్మశానంలో నల్లవాణ్ణి వేరుగా పెట్టే దక్షిణ దేశంలో తెల్లవాడు నల్లవాడి సంతకం కోసం తిరిగాడు! అయితే అవసరం తీరేదాకానే ఆ సోదరభావం. 1914 ఏప్రిల్‌లో హాట్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో తెల్ల బోధకులు సభ పెట్టుకుని 'అసెంబ్లీస్ ఆఫ్ గాడ్' అని తమ సంఘం తాము పెట్టుకున్నారు. 1948లో అమెరికా పెంతెకొస్తు సంఘాలన్నిటి సమాఖ్య అని ఒకటి కట్టారు. అందులో ఒక్క నల్లజాతి సంఘం కూడా లేదు.

ఆత్మలో ఒక్కటే, బల్ల దగ్గర వేరు. ఈ కథ మనకు చెప్పక్కర్లేదు. కేరళలో చర్చిలో కూడా కులం వదలడం లేదని పొయ్‌కయిల్ యోహన్నాన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే బయటికొచ్చి సొంత సభ పెట్టుకున్నాడు. తమిళనాడులో తిరుచ్చి మేలపుదూర్ కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులకూ మిగతావాళ్ల సమాధులకూ మధ్య గోడ కట్టారు. మట్టిలో కలిశాక కూడా అంటు పోలేదు.

మేసన్ రాజకీయ నాయకుడు కాడు. ఊరేగింపులు నడిపినవాడూ కాడు. అయినా సర్కారు ఆయన్ని వదల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనిషి రక్తం చిందించడం పాపమని బోధించాడని 1918లో లెక్సింగ్టన్‌లో జైల్లో పెట్టారు. జర్మనీ చక్రవర్తిని తప్పుబడుతూ ఆయన ప్రసంగం చేసినా రహస్య పోలీసులు వెంటపడ్డారు. టెక్సాస్‌లో పెట్టిన కేసు మాత్రం నిలవలేదు. నల్లజాతి యువకులు తుపాకి పట్టం అంటే దొరలకు భయం. తుపాకి పడతాం అన్నా భయమే.

ఈ సంఘాన్ని నిలబెట్టింది ఒక్క మేసనేనా? కాదు. 1911 నుంచి స్త్రీల విభాగాన్ని నడిపిన లిజ్జీ రాబిన్సన్ బానిసత్వంలో పుట్టిన మనిషి. చదువు రాని ఆడవాళ్లకు బైబిలు చదివించింది. కుట్టుపని సంఘాలు పెట్టించింది. పత్తిచేలు వదిలి షికాగో, డెట్రాయిట్ లాంటి పట్నాలకు వలసపోయిన కూలీలకు అద్దె దుకాణాల్లో సంఘాలు కట్టింది ఎక్కువగా ఇలాంటి ఆడవాళ్లే. లెక్సింగ్టన్‌లో 1918లో పెట్టిన బడిని 1926 నుంచి అరీనియా మాలరీ అనే ఆమె దశాబ్దాలపాటు నడిపింది. అయినా ఆడవాళ్లను పాస్టర్లుగా అభిషేకించడానికి మేసన్ ఒప్పుకోలేదు. గుడి కట్టేది ఆమె, గద్దె మీద కూర్చునేది ఆయన. ఇది తప్పు. అక్కడా తప్పే, ఇక్కడా తప్పే.

1936లో మెంఫిస్‌లోని వాళ్ల సభామందిరం కాలిపోయింది. 1940లో కొత్తది మొదలుపెట్టారు. యుద్ధ రోజులు, ఇనుము దొరకదు. అయినా కూలీల కానుకలతో 1945కు పూర్తిచేశారు. వేల మంది కూర్చునే ఆ హాలే మేసన్ టెంపుల్. నల్లవాళ్ల సొంత కట్టడాల్లో అప్పట్లో అంత పెద్దవి అరుదు. దాని కోసం చందాలు పోగుచేసిన లిజ్జీ రాబిన్సన్, ప్రతిష్ట జరిగిన ఆ సభల రోజుల్లోనే కన్నుమూసింది. మేసన్ 1961 నవంబర్ 17న డెట్రాయిట్‌లో చనిపోతే ఆయన్నీ ఆ మందిరంలోనే సమాధి చేశారు.

సొంత కప్పు విలువ ఏమిటో తర్వాత చూడండి.

1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల పిల్లవాణ్ణి తెల్లవాళ్లు చంపి నదిలో పడేశారు. తల్లి శవపేటిక మూయనివ్వలేదు. నా బిడ్డను ఏం చేశారో లోకం చూడాలంది. ఆ అంత్యక్రియలు జరిగింది షికాగోలో ఈ సంఘానికి చెందిన రాబర్ట్స్ టెంపుల్‌లో. వేలాది మంది వచ్చి చూశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను నరికి గోనెసంచుల్లో కుక్కితే, ఆ శవాల్ని ఊరవతల పెట్టకుండా వాడ నడుమ పూడ్చి రక్తక్షేత్రం అన్నాం. ఆ తల్లి చేసిందీ మనం చేసిందీ ఒకటే. చచ్చినవాళ్లను దాచనివ్వలేదు.

1965లో మాల్కం ఎక్స్‌ను చంపితే అంత్యక్రియలకు చోటివ్వడానికి చాలామంది వెనుకాడారు. ఆయన ముస్లిం. అయినా న్యూయార్క్ హార్లెంలో ఈ సంఘం వాళ్ల ఫెయిత్ టెంపుల్ తలుపు తెరిచింది. బాంబు పెడతామన్నా మూయలేదు.

1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వాన నుంచి తలదాచుకోడానికి చెత్త లారీలోకి ఎక్కిన ఇద్దరు సఫాయి కార్మికులు యంత్రంలో పడి నలిగిపోయారు. 12వ తేదీన 1,300 మంది సమ్మెకు దిగారు. 'నేను మనిషిని' అని అట్టల మీద రాసి మెడలో వేసుకున్నారు. మార్చి 18న మార్టిన్ లూథర్ కింగ్ వాళ్ల సభలో మాట్లాడింది మేసన్ టెంపుల్‌లోనే. ఏప్రిల్ 3న గాలివాన రాత్రి ఆయన ఆఖరి ప్రసంగం చేసిందీ అక్కడే. మర్నాడు కాల్చి చంపారు. 16న కార్మికులు గెలిచారు. ఈ కింగే 1959లో మన దేశం వచ్చినప్పుడు కేరళలో ఒక బళ్లో ఆయన్ని అమెరికా అంటరానివాడని పరిచయం చేశారు. మొదట నొచ్చుకుని, తర్వాత అవును నిజమే అనుకున్నానని తానే చెప్పాడు.

సఫాయి వాళ్లు సమ్మె చేస్తే అంతమందికి హాలెవరిస్తారు? మునిసిపాలిటీ ఇస్తుందా? దొర ఇస్తాడా? సొంత పట్టా, సొంత తాళంచెవి ఉన్న ఇల్లు కాబట్టి తలుపు తెరుచుకుంది. మేసన్ పోరాటం చేయకపోవచ్చు. పోరాటం వచ్చినప్పుడు కూర్చోడానికి చోటు మిగిల్చిపోయాడు.

లోపం కూడా చెప్పుకోవాలి. చచ్చేదాకా ఒక్కడే పెద్దగా ఉన్నాడు. తర్వాత ఎవరు అన్నది తేల్చలేదు. ఆయన పోయాక ఆరేడేళ్లు తగాదాలు, కోర్టు వ్యాజ్యాలు. 1968 నవంబర్‌లో ఎన్నిక పెడితే గెలిచింది ఆయన అల్లుడు పాటర్సన్. మరుసటేడు కొందరు చీలిపోయారు. మన దగ్గర పాస్టరు పోతే కొడుకు పాస్టరు, నాయకుడు పోతే కొడుకు నాయకుడు. ఎవరిని ఎవరం వేలెత్తి చూపాలి?

1994 అక్టోబర్‌లో మెంఫిస్‌లో ఆ తెల్ల సమాఖ్యను రద్దు చేసి, అందరూ ఉండే కొత్తదాన్ని పెట్టారు. ఒక తెల్ల పాస్టరు ఏడుస్తూ నల్ల బిషప్ కాళ్లు కడిగాడు. మంచిదే. కానీ 1914 నుంచి 80 ఏళ్లు పట్టింది. కాళ్లు కడగడం ఒక గంట పని. పెత్తనం వదలడం తరాల పని.

ఇప్పుడు మన రెండు సంఘాలకూ చెప్పేదేమంటే:

పాస్టర్లారా, మీ గుడి స్థలం ఎవరి పేరున ఉంది? మీ పేరునా, సంఘం పేరునా? ఏడాదికోసారి లెక్క చదువుతున్నారా? పైటకొంగు ముడి విప్పి కానుకేసిన ముసలమ్మకు ఆ లెక్క అడిగే హక్కు లేదా? వాడలో దాడి జరిగిన రోజు మీ తలుపు తెరిచి ఉంటుందా? 1950 ఉత్తర్వులోని మూడో పేరా మతం మారినవాడికి ఎస్సీ హక్కు తీసేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఇచ్చారు. క్రైస్తవ దళితులకూ ముస్లిం దళితులకూ ఇవ్వమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. మీ ప్రసంగంలో ఈ మాట ఎన్నిసార్లు వచ్చింది?

కార్యకర్తలారా, వారం వారం మన ఆడవాళ్లు తమ కాళ్లతో తాము నడిచొచ్చే చోటు మన వాడలో ఇంకేముంది? దాన్ని వెక్కిరించి ఏం సాధించాం? ముసలమ్మ కన్నీళ్లను మత్తుమందు అనడం తేలిక. ఆ కన్నీళ్ల వెనక ఉన్న కూలి బాకీ, పోయిన కొడుకు, దొర తిట్టు కనుక్కోవడం కష్టం.

పత్తిమిల్లులో మొదలైన కూటం సఫాయి కార్మికుల సమ్మెకు నీడయింది. మన రేకుల గుడి మన పోరాటానికి నీడవుతుందా లేదా అన్నది పాస్టరు ఒక్కడి చేతిలో లేదు, నాయకుడి ఒక్కడి చేతిలో లేదు. రెండు సంఘాల్లోనూ కూర్చునే మనుషులు మనమే. అడగాల్సిందీ మనమే.

జై భీం.