పీపాలో వైన్, బ్యాంకులో వడ్డీ

తెలుగు రాష్ట్రాల్లో 'వైన్స్' అన్న బోర్డు ఉన్న దుకాణంలో అన్నిటికన్నా కష్టంగా దొరికేది వైనే. బ్రాందీ, విస్కీ, బీరు వరుసల మధ్య ఓ మూల దుమ్ము పట్టిన రెండు సీసాలుంటే గొప్ప. వాటిలో ఒకటి నాసిక్‌దే అయి ఉండొచ్చు. కానీ అది పెద్ద కంపెనీ సరుకే. దిండోరి, నిఫాడ్ తాలూకాల్లో కొన్ని ఎకరాల తోట, ఓ షెడ్డు, నాలుగైదు స్టీలు ట్యాంకులతో బండి లాగించే చిన్న వైనరీ సీసా హైదరాబాద్ దాకా రావడం అరుదు. అది నాణ్యతకు సంబంధించిన సంగతి కాదు. లెక్కలకు సంబంధించినది.

లెక్క మొదలయ్యేది తోటలోనే. ఐరోపాలో ద్రాక్ష తీగ చలికాలమంతా నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోతకొస్తుంది. దక్కన్‌లో తీగకు ఆ నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడి రైతు కత్తెరతోనే కాలాన్ని నడిపిస్తాడు. ఏప్రిల్‌లో మొదటి కత్తిరింపు కేవలం కొమ్మ కోసం. మండుటెండల్లో పెరిగే ఆ కొమ్మ మీదే రాబోయే పంట మొగ్గలు రూపు కడతాయి. బోర్లలో నీళ్లు అడుగంటేదీ సరిగ్గా అప్పుడే. వానాకాలమంతా బూజు తెగులు నుంచి ఆకును కాపాడుకోవాలి. సెప్టెంబర్ చివర్లోనో, అక్టోబర్‌లోనో రెండో కత్తిరింపు. ఇది పండు కోసం. పూత, పిందె, రంగు అన్నీ చలికాలంలో సాగి, జనవరి నుంచి మార్చి దాకా కోతలు జరుగుతాయి. అంటే వేసవికి పండే పంటను చలికాలానికి తిప్పి, ఓ రకంగా భూగోళాన్నే మోసం చేస్తున్నారన్న మాట.

తెల్ల వైన్‌కు ఈ మోసం బాగానే పని చేస్తుంది. షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ లాంటి రకాలు ముందుగా కోతకొచ్చేస్తాయి. చిక్కంతా ఎరుపుతోనే. కాబర్నే సావిన్యాన్, షిరాజ్ పళ్లు ఇంకొన్ని వారాలు తీగ మీదే ఉండాలి. చాలా ఎర్ర రకాల్లో గుజ్జుకు రంగుండదు. రంగు, వగరు వచ్చేది తొక్క నుంచి, గింజ నుంచి. అవి పక్వానికి రావాలంటే వెచ్చటి పగళ్లు, చల్లటి రాత్రులు రెండూ కావాలి. జనవరిలో నాసిక్ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే కాబట్టి అంతవరకు ఫర్వాలేదు. ఫిబ్రవరి చివర్లో ఎండ ముదిరితే మాత్రం పండులో తీపి పరుగెడుతుంది, పులుపు పడిపోతుంది, గింజ ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొందరపడి కోస్తే వైన్ పచ్చి వగరు. ఆగితే నిస్సారమైన తీపి, దానికి తోడు ఎక్కువ ఆల్కహాలు. రోజూ నాలుగు పళ్లు నమిలి, గింజ గోధుమ రంగుకు తిరిగిందో లేదో చూసి నిర్ణయించాల్సిందే. చిన్న వైనరీలో ఆ పని యజమానిదే. కూలీలను, క్రేట్లను, ఖాళీ ట్యాంకును ఒకే తెల్లవారుజామున సిద్ధం చేయాల్సిందీ ఆయనే.

వాతావరణం కనికరించని ఏళ్లూ ఉన్నాయి. 2009 నవంబర్‌లో ఫ్యాన్ తుపాను మహారాష్ట్ర తీరం దాటినప్పుడు నాసిక్ తోటలు అకాల వర్షంలో తడిశాయి. 2014 ఫిబ్రవరి, మార్చిల్లో వడగళ్లు పడేనాటికి కోతలు సగంలో ఉన్నాయి. తినే ద్రాక్ష రైతుకూ ఇవే దెబ్బలు. కాకపోతే అతని బాకీ ఆ ఏడాదితో తేలిపోతుంది. వైనరీ బాకీ అలా తేలదు. తెల్ల వైన్ కొన్ని నెలల్లో సీసాకెక్కి డబ్బవుతుంది. మంచి ఎరుపు ఏడాదో, అంతకు మించో పీపాలో పడుకోవాలి. దిగుమతి చేసుకున్న 225 లీటర్ల ఓక్ పీపా ఒక్కోదాంట్లో నిండేది 300 సీసాల సరుకు. అది నోరు తెరిచేదాకా బ్యాంకు వడ్డీ కూడా దాంతోపాటే పండుతూ ఉంటుంది.

ఈ సంగతి 2001లో ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం ప్రకటించి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసిన వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది. వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు పెట్టింది. అప్పటికే సులా తొలి సీసాలు బజారులో ఉన్నాయి. ఇంకేం, రైతులు కూడబలుక్కుని అప్పులు తెచ్చి ట్యాంకులు కొన్నారు. చేయడం నేర్పినవాళ్లున్నారు గానీ అమ్మడం నేర్పినవాళ్లు లేరు. 2008లో మాంద్యం, ఆ నవంబర్‌లో ముంబైపై దాడులు హోటళ్ల వ్యాపారాన్ని దెబ్బతీశాయి. దేశంలోని పెద్ద వైన్ కంపెనీల్లో ఒకటైన షాతో ఇండాజ్ అప్పుల్లో కూరుకుపోయింది. ట్యాంకుల్లో సరుకు మిగిలింది, చాలామంది రైతులు వైన్ తీగలు పీకేసి మళ్లీ థామ్సన్ సీడ్‌లెస్‌కు మళ్లారు. వాళ్లను తప్పుపట్టలేం.

మిగిలిన చిన్నవాళ్లకు అమ్మకమే అసలు పరీక్ష. మద్యం రాష్ట్రాల అంశం కావడంతో వైన్ విషయంలో ప్రతి రాష్ట్రమూ ఓ పరాయి దేశమే. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో లేబుల్ నమోదు చేయించాలి, ఫీజు కట్టాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో టోకు వ్యాపారమంతా ప్రభుత్వ కార్పొరేషన్ల చేతుల్లోనే. లక్షల సీసాలు అమ్మే కంపెనీకి ఈ ఖర్చు కంటికి ఆనదు. కొన్ని వేల సీసాల వైనరీకి అది లాభం మొత్తాన్ని మింగేస్తుంది. సొంత రాష్ట్రంలోనూ దారి సుగమం కాలేదు. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకాలకు మహారాష్ట్ర మంత్రివర్గం అనుమతించగానే అన్నా హజారే నిరాహారదీక్ష చేస్తానన్నారు, ప్రతిపక్షం మండిపడింది. జూన్‌లో ప్రభుత్వమే మారిపోయింది, నిర్ణయం అటకెక్కింది. విస్కీతో పోలిస్తే సగం మత్తు కూడా లేని పానీయం మీద ఇంత ఆవేశం విడ్డూరమే. అయితే రైతు పేరు చెప్పి తెచ్చిన ఆ నిర్ణయం వల్ల ముందుగా బాగుపడేది అరలు నింపగల పెద్ద కంపెనీయేనన్నదీ కొట్టిపారేయలేని మాటే.

అందుకే చిన్న వైనరీలు ఇప్పుడు తోటలోనే బల్లలు వేసి, వారాంతాల్లో ముంబై, పుణెల నుంచి వచ్చేవారికి రుచి చూపించి, అక్కడే సీసా అమ్ముకునే దారి పట్టాయి. మధ్యవర్తి వాటా, లేబుల్ గొడవ లేని సీసా అదొక్కటే. వచ్చినవారు ముందుగా అడిగేది ఎరుపునే. దాన్ని తయారుచేయడం మానలేరు, మార్చి ఎండకు భయపడటమూ మానలేరు. అందుకని కొందరు కాబర్నే తగ్గించి, ఎండను కాస్త ఓర్చుకునే షిరాజ్‌ను పెంచుతున్నారు. కొత్తగా నాటిన తీగ సరైన కాపుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పాత అప్పు వాయిదా మాత్రం ప్రతి మూడు నెలలకూ వస్తుంది.