పదహారేళ్లకు అనుమతి సరే, బండి ఏదీ?

కళాశాలలు తెరిచే రోజులు వస్తే సరిహద్దు జిల్లాల రోడ్లపై ఏటా ఒకే దృశ్యం. పదవ తరగతి గట్టెక్కి పీయూసీలోనో, ప్లస్ టూలోనో, ఇంటర్‌లోనో చేరిన పిల్లలు తండ్రి బండి తీసుకుని బయలుదేరుతారు. బస్సు వేళకూ కళాశాల వేళకూ పొంతన కుదరని పల్లెల్లో తల్లిదండ్రులు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఆ పిల్లల వయసు పదహారు, పదిహేడు. వారికి చట్టం చూపిన దారి ఏమిటి?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపరాదు. ఇందుకు ఒకే మినహాయింపు ఉన్నది. 16 ఏళ్లు నిండినవారు 50 సీసీ మించని మోటారు సైకిలు నడపవచ్చు. ముందుగా లెర్నర్ లైసెన్సు పొందాలి. వయసు, చిరునామా రుజువులతో పాటు సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతి కావాలి. రోడ్డు నిబంధనలపై పరీక్ష ఉంటుంది. ఈ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాకే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాలి. బండికి ముందూ వెనుకా ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. ఏ రాష్ట్రంలో తీసుకున్నా లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది కనుక సరిహద్దు దాటి చదువుకునేవారికి ఆ చిక్కు లేదు.

చిక్కంతా బండితోనే. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చిన కాలంలో ఆ మినహాయింపుకు అర్థం ఉండేది. నేడు ప్రధాన కంపెనీలేవీ 50 సీసీ పెట్రోలు బండిని అమ్మడం లేదు. అదే సంస్థ అమ్ముతున్న ఎక్స్ఎల్ 100 సామర్థ్యం 99.7 సీసీ. స్కూటర్లు అంతకు మించినవే. చట్టం తలుపు తెరిచే ఉంచింది గాని, ఆ తలుపు గుండా పోగల బండి అంగడిలో లేదు.

ఇదిలా ఉండగా శిక్ష మాత్రం పెరిగింది. 2019 సవరణతో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం బాలలు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోవలసిన భారం పెద్దలదే. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునే అవకాశం ఉన్నది.

వేగం గంటకు 25 కిలోమీటర్లకూ, మోటారు శక్తి 250 వాట్లకూ లోబడిన తేలికపాటి విద్యుత్ బండ్లకు లైసెన్సు అక్కరలేదు. అయితే మెకానిక్ చేత వేగం పెంచించిన మరుక్షణం ఆ మినహాయింపు పోతుంది.

నిబంధన కాగితంపై మిగిలి, బండి కనుమరుగైనప్పుడు శిక్ష ఒక్కటే సమస్యను తీర్చజాలదు. 50 సీసీ కొలతకు బదులు నేటి బండ్లకు తగిన వేగ పరిమితిని కేంద్రం నిర్ణయించాలి. ఇరు రాష్ట్రాల రవాణా సంస్థలు కళాశాల వేళలకు బస్సులు నడపాలి. అంతవరకు తల్లిదండ్రులు చేయదగినది ఒకటే. బండి తాళం తమ వద్దనే ఉంచుకుని, పద్దెనిమిది నిండిన మర్నాడే పిల్లలను లెర్నర్ లైసెన్సుకు తీసుకువెళ్లాలి. రెండేళ్లు ఓపిక పట్టడం కష్టమే గాని, ఇరవై అయిదేళ్ల దాకా లైసెన్సు లేకుండా గడపడం అంతకన్నా కష్టం.